ఏడాది బండ మీద జయంతి పేరు

పోయిన వారం జయంతిని మనం బెళుగుప్ప బస్టాండులో వదిలి వచ్చాం. ఒళ్లో రెండు నెలలు నిండని ఆడబిడ్డ. గుండ్లహళ్లికి పోయే షేరాటో నిండేదాకా ఆమె కొంగు కప్పుకుని బిడ్డకు పాలిస్తూ కూర్చుంది. ఊరి బయటి ఎస్సీ కాలనీ పిల్లవాడు యేసన్నతో ఆమె ఇల్లు దాటి ఏడాది కావస్తోంది. బోరు లారీ మీద పనికి పోయిన యేసన్న మార్గశిరంలో తమిళనాడులో మీద ఇనుప పైపు పడి చనిపోయాడు. బిడ్డ మాఘంలో పుట్టింది. బిడ్డను ఎత్తుకుని కాలనీకి పోతే యేసన్న అన్న గుమ్మంలోనే చేతులు జోడించాడు. మీ నాయన మనుషులు మళ్లీ మా ఇండ్ల మీదికి వస్తారు తల్లీ, మేం తట్టుకోలేం అన్నాడు. అటువంటి వేళ తమ్ముడు వీరేష్ ఫోన్ చేశాడు. ఉగాదికి రా అక్కా, బిడ్డ పేరు బండ మీద చెప్పిద్దాం, నాయనతో నేను మాట్లాడతా అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని జయంతి బయలుదేరింది.

ఆ ఫోన్ తర్వాత తమ్ముని పెండ్లి కుదిరిందని ఆమెకు తెలియదు. కళ్యాణదుర్గం తిప్పయ్య తన బిడ్డ హేమలతను వీరేష్‌కు ఇస్తానన్నాడు. వైశాఖంలో ముహూర్తం. కానీ కాలనీ వానితో పోయిన ఆడపిల్ల ఉండే ఇంటికి బిడ్డను ఇయ్యలేనని, ఆ పిల్ల లేదనిపించమని తిప్పయ్య మాట పెట్టాడు. జయంతి తండ్రి ఆంజినప్ప రెండో మాట లేకుండా ఒప్పుకున్నాడు. నేరుగా ఊరికి చావులు చెప్పే నల్లమ్మ ఇంటికి పోయి, ఈ ఉగాదికి చచ్చినోళ్లలో నా బిడ్డ పేరు గూడా పలుకు అని చెప్పి వచ్చాడు. నల్లమ్మ ఇల్లు నిలిచింది ఆంజినప్ప జాగాలో. ఆ సంగతి అతను ఎత్తలేదు. గోడకు చెయ్యి ఆనించి నిలబడి మాట్లాడాడు, అంతే.

గుండ్లహళ్లిలో ఉగాది పొద్దున పంచాంగం వింటారు. అది వచ్చే ఏడాది మాట. పోయిన ఏడాది మాట సాయంత్రం వింటారు. చావిడి ముందర నడుమెత్తు నల్లరాయి ఒకటి ఉంది, దాన్ని ఏడాది బండ అంటారు. దాని పక్కన నిలబడి ముందు లోకం సంగతులు, ఆ తర్వాత చావులు, చివరన పుట్టుకలు చెబుతారు. చెప్పేది విధవరాలే. చావు మాట పలికిన ముత్తైదువ నోరు పుక్కిలించాలి, విధవ నోటికి ఆ పని లేదని ఊరి నమ్మకం. మొగుడు పోయినప్పటి నుంచి నల్లమ్మది ఆ పని.

చావు చెప్పడానికి ఒక పద్ధతి ఉంది. పోయిన మనిషి ఇంటి ఆడది వచ్చి బండ మీద చెయ్యి పెట్టాలి. ఎవరు పోయినారని, ఏ ఇంటి సావని, ఏ దినమని నల్లమ్మ అడుగుతుంది. ఇంటి ఆడది నోరు విప్పి చెప్పనిదే చావు చావు కాదు. మగవాళ్లకు అక్కడ మాట లేదు. ఆమె చెప్పిన పేరును నల్లమ్మ ఊరికి వినబడేటట్టు పలుకుతుంది. జనం తలా పిడికెడు మన్ను బండ మొదట్లో వేస్తారు. ఇక ఆ పేరు పెట్టి ఎవరూ పిలవరు. పుట్టుకలకు మాత్రం బెల్లం పంచుతారు. బండ దగ్గర పేరు పలికిన బిడ్డ ఊరి బిడ్డ. ఎవరి పిల్ల, యాడి పిల్ల అని దాన్ని తరిమే హక్కు ఎవరికీ లేదు. జయంతి బిడ్డకు కావలసింది ఆ బెల్లం ముక్కే.

ఎండ తగ్గగానే జనం చేరారు. తిప్పయ్యకు చావిడి అరుగు మీద కుర్చీ వేశారు. ఆంజినప్ప అతని పక్కన కొత్త తువ్వాలు భుజాన వేసుకుని కూర్చున్నాడు. వీరేష్ అరుగు కింద ఫోన్ చూసుకుంటూ నిలబడ్డాడు. ఎదురుగా హుస్సేన్ బాషా టీ అంగడి. పండగ పూట బేరం లేకపోయినా అతను అంగడి మూయలేదు. లోకం సంగతులు చెప్పేటప్పుడు నల్లమ్మకు తాళం వేసేది ఎప్పుడూ అతనే.

ఓట్లు వచ్చినాయి, గవర్నమెంటు మారింది అని నల్లమ్మ మొదలుపెట్టింది. మన బోర్లు మారలేదు అన్నాడు హుస్సేన్ బాషా. జనం నవ్వారు. బుడమేరు పొంగి విజయవాడ మునిగిందని, మిద్దెల మీద కూర్చున్నోళ్లకు పడవల్లో అన్నం పొట్లాలు పంచినారని చెప్పింది. ఆ నీళ్లు ఒక్క పూట ఇట్లా తిప్పింటే మన శెనక్కాయ ఊడలు దిగేది గదా అని ఎవరో అన్నారు. తిప్పుతారు, నీ పెండ్లాన్ని బిందె పట్టుకోని దోవలో నిలబడమని చెప్పు అన్నారు ఇంకెవరో. కేరళలో కొండ జారి నిద్రలో ఉన్న ఊర్ల మీద పడింది. మన పిల్లోళ్లు క్రికెట్టు కప్పు గెలిచినారు. మనం తినే ఉప్పు నుంచి మన మీద దుమ్ము లేపే లారీ దాకా చేసే కంపెనీ పెద్దాయన ముంబయిలో కాలం చేసినాడు. ఢిల్లీలో పాత ప్రధానమంత్రి పోయినాడు. ఉపాధి పని మన జిల్లా బండ్లపల్లిలోనే మొదలుపెట్టి పోయినాయన ఆయనే, గంప ఎత్తినోళ్లు తలుచుకోండి అంది నల్లమ్మ. ఆడవాళ్లలో కొంతమంది అరచేతులు చూసుకున్నారు.

చివరికి ఆకాశం సంగతి వచ్చింది. ఎనిమిది దినాలకని పైకి పోయిన ఆడమనిషి తొమ్మిది నెలలు ఆడే చిక్కుకోని, మొన్న మొన్న సముద్రంలో దిగింది. అన్ని నెలలు ఇంట్లో మొగునికి సంగటి ఎవరు కెలికినారంట అని ఒక ముసలాయన అడిగాడు.

"నువ్వు పోయి కెలకల్సింది తాతా, ఊరికే ఉండావు గదా," అన్నాడు హుస్సేన్ బాషా.

నవ్వు అణిగేదాకా నల్లమ్మ ఆగింది. తర్వాత ఆంజినప్ప వైపు తిరిగి, "పోయిన ఆడది తిరిగి వస్తే లోకం లోకమంతా చప్పట్లు కొట్టిందప్పా," అంది.

ఆంజినప్ప తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు.

చావులు మొదలయ్యాక నవ్వులు ఆగిపోయాయి. గొర్రెల వెంట పోయి పాము కరిచిన మనిషిని వాళ్లమ్మ చెప్పింది. ఎండిపోయిన చీనీ తోటలో కూర్చుని చెట్లకు కొట్టే మందు తాగిన రైతును అతని పెండ్లాం చెప్పింది. ఆమె బండ మీద చెయ్యి పెట్టి చాలాసేపు నిలబడింది. ఆ ఊర్లో ఆడది మొగుని పేరు నోటితో పలకదు. 'మా పిల్లోళ్ల నాయన' అంటుంది, లేకపోతే 'ఆయప్ప' అంటుంది. మొగుని పేరు ఆమె పలికేది ఒక్కసారే, ఈ బండ దగ్గర. ఆమె ఆ పేరు పలికినప్పుడు తన గొంతు తనకే కొత్తగా వినిపించినట్టు వెనక్కి చూసింది.

తర్వాత కదిరమ్మ వచ్చింది. చంకలో పసిబిడ్డ.

"ఎవరు పోయినారు?"

"ఆశ్రిత. నా కోడలు. కాన్పు అయినాక పోయింది."

"ఏ ఇంటి సావు?"

"మా ఇంటి సావే అక్కా. తాళి కట్టించుకోని వచ్చిన దినమే మా ఇంటిది అయింది."

యాడికి అనే ఊరి నుంచి వచ్చిన ఆశ్రిత తల్లి నేల మీద కూర్చుని ఉంది. తల్లి పోయిన పసిబిడ్డ అమ్మమ్మ ఒడిది. అది కూడా ఆ ఊరి కట్టుబాటే. కదిరమ్మ బిడ్డను రెండుసార్లు ముద్దు పెట్టుకుని ఆమె ఒడిలో పెట్టింది. మేకపాల సీసా పక్కన ఉంచింది. ఇచ్చిన చేతులు కాసేపు అట్లనే చాచి ఉంచింది.

ఆ ఏడాది కాలనీలో కూడా మనుషులు పోయారు. వాళ్ల పేర్లు ఈ బండ ఎన్నడూ వినలేదు. యేసన్న పేరూ వినలేదు.

"ఇంకెవరన్నా ఉండారా?" అని నల్లమ్మ అడిగింది. ఎవరూ లేరని తనే అనేసి పుట్టుకలకు పోదామని ఆమె ఆశ. ఆంజినప్ప దగ్గాడు. ఆడవాళ్లలో నుంచి లక్ష్మీదేవి లేచింది.

లక్ష్మీదేవి జయంతి తల్లి. ఆ పొద్దున వేపపువ్వు పచ్చడి నూరుతుంటే ఆంజినప్ప ఆమె దగ్గర గొంతుక్కూర్చుని నిదానంగా చెప్పాడు. అతను అరిస్తే ఆమెకు భయం ఉండదు. నిదానంగా మాట్లాడితేనే భయం. నీకు ఇద్దరు బిడ్డలు, ఒకటి సచ్చింది, ఇంకొకడు బతికి ఉండాడు, బతికినోని కోసం ఒక మాట చెప్పల్ల, అంతేగదా అన్నాడు. పండగకని కొత్త గాజులు తెప్పించి తనే ఆమె చేతికి తొడిగాడు. ఆకుపచ్చ గాజులు. ఆ గాజుల చెయ్యే ఆమె ఇప్పుడు బండ మీద పెట్టింది.

సరిగ్గా అప్పుడే టీ అంగడి వెనక షేరాటో ఆగింది. బిడ్డను ఎత్తుకుని దిగిన జయంతిని హుస్సేన్ బాషా చూశాడు. కడుగుతున్న గ్లాసు కింద పెట్టి, లోపలికి రా తల్లీ, కాసేపు ఈడ కూర్చో అని చిన్నగా అన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. బండ దగ్గర అమ్మ నిలబడి ఉండడం చూసి ఆమె ముఖం తేటపడింది.

"ఎవరు పోయినారు?" అని అడిగింది నల్లమ్మ.

లక్ష్మీదేవి బండ మీది తన గాజులను చూసుకుంది.

"చెప్పు మే," అన్నాడు ఆంజినప్ప అరుగు మీద నుంచి. మగవాళ్లకు అక్కడ మాట లేదు. అయినా ఎవరూ ఏమీ అనలేదు.

"జయంతి," అంది లక్ష్మీదేవి.

అంగడి పక్కన జయంతి ఆ పిలుపు విని ఒక అడుగు ముందుకు వేసింది. అమ్మ తనను చూసిందనుకుంది. పిలుస్తోంది అనుకుంది. 'వస్తాండా అమ్మా' అనే మాట నాలుక చివర దాకా వచ్చింది. అప్పుడు చూసింది, అమ్మ కండ్లు బండ మీదనే ఉన్నాయి. పక్కన ఉన్న ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. జయంతి అడుగు అక్కడే ఆగిపోయింది.

నల్లమ్మ ఆ వారమంతా నిద్ర లేకుండా ఒక ఉపాయం ఆలోచించి పెట్టుకుంది. ఇప్పుడు దాన్ని బయటికి తీసింది.

"ఏ ఇంటి సావు?" అని అడిగి, లక్ష్మీదేవి జవాబు చెప్పేలోగా తనే అందుకుంది. "ఇంతకు ముందే కదిరమ్మ చెప్పింది, అందరూ విన్నారు. తాళి కట్టించుకున్న ఆడది మొగుని ఇంటిది. జయంతి సావు అయితే యేసన్న ఇంటోళ్లు చెప్పల్ల. నువ్వు చెప్పేది చెల్లదు లక్ష్మీదేవీ. చెయ్యి తియ్యి."

ఆంజినప్ప లేచి నిలబడ్డాడు. "తాళా? ఎవరు కట్టినారు, ఎవరు చూసినారు? అది పెండ్లి కాదు. అది మా ఇంటి పిల్లే. మా ఇంటి సావే."

నల్లమ్మ ఈ మాట కోసమే కాచుకుని ఉంది. "సరేనప్పా. నీ నోటితోనే అన్నావు. పెండ్లి కాని పిల్ల ఇంట్లో పోతే ఆ ఇంటికి ఏడాది మైల. వైశాఖంలో పెండ్లి యాడిది? తోరణం ఎట్ల కడతావు?"

జనంలో గుసగుస లేచింది. తిప్పయ్య కుర్చీలో ముందుకు జరిగాడు. మైల ఇంటికి పిల్లను పంపించడానికి నేనేమన్నా పిచ్చోన్నా బావా, ఈ సంగతి ముందే చూసుకోవద్దా అని అడిగాడు. ఆంజినప్ప ముఖంలో నెత్తురు ఇంకిపోయింది. వీరేష్ ఫోన్ మీద నుంచి తల ఎత్తాడు. ఆ కొద్దిసేపు నల్లమ్మ గెలిచింది. లక్ష్మీదేవి చెయ్యి బండ మీద నుంచి మెల్లగా లేవబోయింది.

ఆంజినప్ప చేతకాని మనిషి కాదు. ఎండిన నేలలో నీళ్లు ఎక్కడున్నాయో వెతికి వెతికి బతికినవాడు. నిలబడిన చోటే ఒకసారి కిందికి చూసి, మళ్లీ తల ఎత్తేసరికి అతని పెదవుల మీద నవ్వు ఉంది.

"నల్లమ్మక్కా, ఏ దినమని అడగనే లేదు నువ్వు. పద్ధతి తప్పితే ఎట్ల?"

నల్లమ్మ పుట్టుకల బెల్లం పళ్లెం వైపు తిరిగింది.

"అడగవా? నేనే చెప్తా. అది ఇల్లు దాటిన దినమే సచ్చింది. పోయిన చైత్రంలో, ఓట్లకు ముందర. మైల ఏడాది గదా? ఈ చైత్రం దాటకుండానే తీరిపోతుంది. సంవత్సరీకం చేసి పిండం పెట్టేస్తాం. వైశాఖానికి ఇల్లు శుద్ధం. ఏం బావా?"

తిప్పయ్య లెక్క చూసుకుని కుర్చీలో వెనక్కి వాలాడు. అట్లయితే అభ్యంతరం లేదన్నాడు. పిండం పెట్టేది వీరేష్ గదా, గుండు చేయించుకోవల్ల, పెండ్లికొడుకు గుండుతో ఉంటే ఫొటోలు ఎట్లా అని ఎవరో అన్నారు. వెంట్రుకలు వస్తాయిలే, వచ్చేదాకా తలపాగా ఉండాది గదా అన్నాడు తిప్పయ్య. కొందరు నవ్వారు. వీరేష్ తల తడుముకున్నాడు.

నల్లమ్మకు అప్పుడు అర్థమైంది తాను చేసిందేమిటో. ఆమె గమ్మున ఉండి ఉంటే అది బండ దగ్గర పలికిన ఒక మాట మాత్రమే అయ్యేది. మాటను ఏదో ఒకనాడు తల్లి అయినా వెనక్కి తీసుకునేది. ఇప్పుడు దానికి దినం వచ్చింది, పిండం వచ్చింది, పిండం పెట్టే తమ్ముడు వచ్చాడు. పిండం తిన్న పేరును ఎవరూ తిరిగి పిలవలేరు. జయంతిని కాపాడబోయి ఆమె గుంతను ఇంకా లోతుగా తవ్వి పెట్టింది.

"పలుకు నల్లమ్మక్కా," అన్నాడు ఆంజినప్ప నిదానంగా.

నల్లమ్మ పలికింది. జనం ఒక్కొక్కరే లేచి బండ మొదట్లో మన్ను వేశారు. జయంతికి చిన్నప్పుడు జడలు వేసిన ఆడవాళ్లు వేశారు. ఆమెతో బడికి పోయిన వాళ్లు వేశారు. వీరేష్ వంతు వచ్చినప్పుడు అతని పిడికిట్లో మిగిలిన మన్ను కంటే వేళ్ల సందుల్లోంచి కారిపోయిందే ఎక్కువ. అయినా వేశాడు.

నల్లమ్మ చెంబు అందించింది. లక్ష్మీదేవి నోట్లో నీళ్లు పోసుకుని పుక్కిలించింది. ఉమ్మడానికి పక్కకు వంగింది. అప్పుడే అంగడి దగ్గర నిలబడిన కూతురు ఆమె కంటపడింది. లక్ష్మీదేవి నీళ్లు ఉమ్మలేదు. మింగేసింది. అది చూసింది నల్లమ్మ ఒక్కతే.

పుట్టుకలు మొదలయ్యాయి. నల్లమ్మ రెండు పేర్లు చెప్పింది. బెల్లం పళ్లెం తిరగసాగింది. అప్పుడు జయంతి నడుచుకుంటూ వచ్చింది.

ఆమె వస్తుంటే జనం దారి ఇచ్చారు. గౌరవంతో కాదు. ఆమె కొంగు తగలకుండా జరిగారు. చచ్చిన మనిషి వైపు చూడకూడదు, మాట్లాడకూడదు. ఒక్కొక్క ముఖమూ ఆమె దగ్గరికి వచ్చేసరికి పక్కకు తిరిగింది. ఆమెతో కలిసి చదువుకున్న ఒక పిల్ల తన కొడుకు కండ్ల మీద చెయ్యి మూసింది.

"నల్లవ్వా, మాఘంలో నాకు బిడ్డ పుట్టింది. దాని పేరు చెప్పు," అంది జయంతి.

నల్లమ్మ బండ వైపు చూస్తూ ఉండిపోయింది. జయంతి పేరును చావుల్లో పలికిన నోటితో అప్పుడే ఆమెకు జవాబు ఇవ్వడం తన వల్ల కాలేదు.

జయంతి తమ్ముని వైపు తిరిగింది. "నువ్వు పిలిస్తేనే వచ్చినా గదరా."

వీరేష్ ఫోన్ చూస్తున్నాడు. ఫోన్‌లో వెలుగు లేదు.

"గాలి లేచినట్టుండాది," అన్నాడు ఆంజినప్ప తిప్పయ్యతో. "దుమ్ము పడక ముందే బిరీన కానీ నల్లమ్మక్కా. ఇంటికి పోయి భోజనాలు చేయల్ల."

వెనక వరుసలో ఎవరో నవ్వి, ఆ నవ్వును దగ్గు చేసుకున్నారు.

జయంతి ఏడవలేదు. చుట్టూ చూసింది. పళ్లెంలో బెల్లం, రాయి మొదట్లో తాజా మన్ను, అమ్మమ్మ ఒడిలో మేకపాల సీసా చప్పరిస్తున్న ఆశ్రిత బిడ్డ. ఆ బిడ్డ దగ్గర ఆమె చూపు ఆగింది. తర్వాత ఆమె నేరుగా తల్లి కూర్చున్న చోటికి పోయి మోకాళ్ల మీద కూర్చుంది.

"నేను సచ్చినానని చెప్పినావు గదమ్మా," అంది. ఆ గొంతులో కోపం లేదు. కోపం ఉంటే వినేవాళ్లకు కొంచెం సులువయ్యేది. "సరే, సచ్చినా. సచ్చినదాని బిడ్డ ఎవరి ఒడిదో నువ్వే చెప్పు."

లక్ష్మీదేవి కొంగును నోట్లో కుక్కుకుంది. చచ్చినదానికి జవాబు చెప్పకూడదు.

జయంతి బిడ్డను తల్లి ఒడిలో పెట్టింది. బిడ్డ పిడికిలి తల్లి కొంగును పట్టుకుని ఉంటే వేళ్లు ఒక్కొక్కటే విప్పింది. లేచి, వచ్చిన దారినే నడిచింది.

ఆమె అంగడి దాటక ముందే బిడ్డ ఏడుపు అందుకుంది. పాలకేడిచే ఏడుపు అది. ఆ ఏడుపుకు జయంతి రవిక ముందర తడిసింది. బిడ్డ కన్న ఆడవాళ్లకు అది తెలుసు, చెవి వినగానే రొమ్ము వింటుంది. కొంగు దగ్గరికి లాక్కుంది గాని వెనక్కి తిరగలేదు. ఆగు తల్లీ అని హుస్సేన్ బాషా అన్నాడు. ఊరు మొత్తంలో ఆమెను పిలిచిన గొంతు అదొక్కటే. ఆమె ఆటో దగ్గరికి పోయి నిలబడింది. కూతవేటు దూరం కూడా కాదు. తల్లి ఒక్క కేక వేస్తే చాలు. వేస్తే బండ మీద చెప్పిన మాట అబద్ధం అవుతుంది, కొడుకు పెండ్లి పోతుంది.

బిడ్డ ముఖం ఎర్రబడింది. లక్ష్మీదేవి తన ఎండిన రొమ్మును తడుముకుని చెయ్యి తీసేసింది. ఆశ్రిత తల్లి జాలిపడి మేకపాల సీసా చాచింది.

"వద్దు. ఆ బిడ్డ పాలు దీనికి యాల?" అన్నాడు ఆంజినప్ప. ఇప్పుడు అతని గొంతులో నిదానం పోయింది. "ఏడిస్తే ఏడ్వనీ. కాలనీ గింజ కాలనీలోనే మొలవల్ల. రేయ్ వీరేష్, దాన్ని ఎత్తుకపోయి కాలనీ మొగదాల పెట్టిరా. ఎవరో ఒకరు తీసుకుంటారు, లేదంటే కుక్కలు తీసుకుంటాయి."

తిప్పయ్య కుర్చీలో కదిలాడు. ఆ మాట పైకి అననవసరం లేదు బావా అన్నాడు. చేయొద్దు అని మాత్రం అనలేదు.

వీరేష్ వచ్చాడు. అమ్మ ముందర వంగి చేతులు చాచాడు. "ఇయ్యమ్మా. నాయన చెప్తాండాడు గదా."

లక్ష్మీదేవి కొడుకు ముఖంలోకి చూసింది. బతికినవాని కోసం ఒక మాట చెప్పమన్నారు, చెప్పింది. ఆ బతికినవాడు ఇతనే. బాగా దువ్విన జుట్టు, గుబాళించే నూనె, చాచిన రెండు చేతులు. ఆ చేతుల గోళ్లలో అక్క మీద వేసిన మన్ను ఇంకా ఉంది.

ఆమె బిడ్డను ఎడమ చేత్తో గుండెకు అదుముకుని లేచింది. కొడుకును పక్కకు తప్పించుకుని బండ దగ్గరికి నడిచింది. కుడి చెయ్యి బండ మీద పెట్టింది.

"నల్లక్కా, పుట్టుకలు ఆపు. మా ఇంట్లో ఇంకొక సావు ఉండాది."

"దీనికి మతి పోయింది," అని ఆంజినప్ప జనం వైపు చూసి నవ్వాడు. ఈసారి అతనితో పాటు ఎవరూ నవ్వలేదు. "నల్లమ్మక్కా, అడిగేవు జాగ్రత్త. రేపు నీ గోడ ఉండేది, ఉండనిది నీ నోట్లో ఉండాది."

నల్లమ్మ అతని వైపు చూడలేదు. మింగిన నీళ్ల సంగతి ఆమెకు తెలుసు. ఆ నోరు ఇంకా కడగని నోరు. చెంబు కింద పెట్టి, అందరినీ అడిగే మాటలే అడిగింది, ఎవరనేది మాత్రం చివరికి ఉంచుకుంది.

"ఏ ఇంటి సావు?"

"మా ఇంటి సావే."

"ఏ దినం?"

"ఈ దినం."

తిప్పయ్య కుర్చీలో నుంచి లేచాడు. ఈ దినం చచ్చినవానికి మైల ఈ చైత్రంలో తీరదు. ఆంజినప్ప పక్కన కూర్చున్నవాళ్లు కొద్దికొద్దిగా ఎడం జరిగారు. ఎందుకు జరుగుతున్నారో వాళ్లకే తెలిసినట్టు లేదు. ఆంజినప్ప అరుగు దిగి, "లక్ష్మీదేవీ," అని గట్టిగా పిలిచాడు. ఆమె తల తిప్పలేదు.

ఆటో దగ్గర జయంతి వెనక్కి తిరిగింది.

లక్ష్మీదేవి కుడి చెయ్యి ఎత్తి మణికట్టును బండ అంచుకేసి కొట్టింది. ఒకసారి, మళ్లీ ఒకసారి. పొద్దున మొగుడు తొడిగిన ఆకుపచ్చ గాజులు కూతురి పేరు మీద పోసిన మన్నులో ముక్కలై పడ్డాయి. మణికట్టు నుంచి నెత్తురు బండ మీదికి కారింది.

"ఎవరు పోయినారు లక్ష్మీదేవీ?" అని నల్లమ్మ అడిగింది. అడుగుతూనే వంగి పిడికెడు మన్ను ఎత్తుకుంది.

పెండ్లయిన దినం నుంచి ఈ దినం దాకా మొగుని పేరు ఒక్కసారి కూడా పలకని ఆడమనిషి, దాన్ని పలకడానికి నోరు తెరిచింది.